పీఎల్ఏలో పీబీఏటీ కలిపితే స్ఫటికత నిజంగా పెరుగుతుందా? డీఎస్‌సీ ఫలితంపై సందేహం

ప్రశ్న – పాలిమర్ విద్యార్థిని

పెద్దలకు నమస్కారం. నేను పాలిమర్ సైన్సులో ఎంటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వేడి టీ పోసినా మెత్తబడకుండా, చేతిలోంచి జారినా పగలకుండా, వాడేశాక పారిశ్రామిక కంపోస్టులో కలిసిపోయే కప్పును తయారు చేయడం నా ప్రాజెక్టు ఉద్దేశం. పాలీలాక్టిక్ ఆమ్లం, అంటే పీఎల్ఏ, గట్టిగా ఉంటుంది గాని పెళుసు. పీబీఏటీ, అంటే పాలీబ్యూటిలీన్ అడిపేట్ టెరెఫ్తాలేట్ అనే జీవవిచ్ఛిన్న ప్లాస్టిక్, బాగా సాగుతుంది గాని మెత్తన. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల రూపొందించిన సంచులు 2021లో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర కనిపించినప్పటి నుంచి ఈ తరహా పాలిమర్ల పేర్లు మన దగ్గర కూడా బాగా వినబడుతున్నాయి. ఈ రెండింటినీ కలిపితే ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుందన్న ఆలోచనతో 80 పాళ్ల పీఎల్ఏకు 20 పాళ్ల పీబీఏటీ చేర్చి, ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే రెండు మరలతో కరిగించి కలిపే యంత్రంలో, 190 డిగ్రీల దగ్గర కాంపౌండ్ చేసి బ్లెండ్ (మిశ్రమం) తయారు చేశాను. ఇక్కడ ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే ఇస్తున్నాను.

డీఎస్‌సీలో, అంటే వేడిచేసేటప్పుడు, చల్లార్చేటప్పుడు నమూనా ఎంత ఉష్ణాన్ని తీసుకుంటుందో, వదులుతుందో కొలిచే యంత్రంలో, నమూనాను 200 డిగ్రీల వరకు వేడిచేసి, మూడు నిమిషాలు ఉంచి, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున మైనస్ 50 వరకు చల్లార్చి, మళ్లీ అదే వేగంతో వేడిచేశాను. రెండోసారి వేడిచేసినప్పుడు వచ్చిన విలువలు ఇవి. కేవలం పీఎల్ఏ గుళికలకు గ్లాస్ ట్రాన్సిషన్ (గాజులాంటి గట్టిదనం పోయి మెత్తబడే ఉష్ణోగ్రత) 60 డిగ్రీలు, కోల్డ్ క్రిస్టలైజేషన్ (వేడిచేస్తుండగా కొత్తగా స్ఫటికాలు ఏర్పడడం) శిఖరం 112 డిగ్రీలు, అక్కడ విడుదలైన ఉష్ణం గ్రాముకు 31 జౌళ్లు, ద్రవీభవనం 168 డిగ్రీలు, దానికి పట్టిన ఉష్ణం గ్రాముకు 34 జౌళ్లు. బ్లెండ్‌కు గ్లాస్ ట్రాన్సిషన్ 59.5 డిగ్రీలు, కోల్డ్ క్రిస్టలైజేషన్ 101 డిగ్రీలు, దాని ఉష్ణం గ్రాముకు 24 జౌళ్లు, ద్రవీభవనం 167 డిగ్రీలు, దాని ఉష్ణం గ్రాముకు 31 జౌళ్లు. కేవలం పీబీఏటీని కూడా పరీక్షించాను. అది 120 డిగ్రీల దగ్గర కరిగింది, ఉష్ణం గ్రాముకు 13 జౌళ్లు.

ద్రవీభవన ఉష్ణాన్ని నూరు శాతం స్ఫటిక పీఎల్ఏ విలువైన 93తో భాగిస్తే పీఎల్ఏ స్ఫటికత, అంటే అందులో స్ఫటికంగా ఉన్న భాగం, 36.6 శాతం వచ్చింది. బ్లెండ్‌లో పీఎల్ఏ వాటా 80 శాతమే కనుక దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 41.7 శాతం వచ్చింది. దీన్ని బట్టి పీబీఏటీ వల్ల పీఎల్ఏ స్ఫటికత పెరిగిందని థీసిస్‌లో రాయవచ్చునా? కోల్డ్ క్రిస్టలైజేషన్ 11 డిగ్రీలు తగ్గడాన్ని రెండు పాలిమర్లూ ఒకదానిలో ఒకటి కరిగాయనడానికి గుర్తుగా తీసుకోవచ్చునా? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ స్ఫటికతతో కప్పు వేడి టీని తట్టుకుంటుందని ఆశించవచ్చునా?


సమాధానం 1 – ఉష్ణ విశ్లేషణ ప్రయోగశాల

విలువలన్నీ వివరంగా ఇచ్చారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడదామండి. 168 డిగ్రీల దగ్గర కరిగిన స్ఫటికాలన్నీ రెండోసారి వేడిచేయడం మొదలుపెట్టేనాటికే నమూనాలో ఉన్నవి కావు. వాటిలో చాలా భాగం మీరు వేడిచేస్తుండగా, సుమారు 90 డిగ్రీలు దాటిన తరువాత, డీఎస్‌సీ పాన్‌లోనే పుట్టినవి. కోల్డ్ క్రిస్టలైజేషన్ శిఖరం చూపేది ఆ పుట్టుకనే. నమూనాలో ముందునుంచీ ఉన్న స్ఫటికత తెలియాలంటే ద్రవీభవన ఉష్ణంలోంచి కోల్డ్ క్రిస్టలైజేషన్ ఉష్ణాన్ని తీసివేసి, ఆ తరువాతనే 93తోను, పీఎల్ఏ భారాంశంతోను భాగించాలి. అలా చేస్తే పీఎల్ఏకు 34 – 31 = 3, దాన్ని 93తో భాగిస్తే 3.2 శాతం. బ్లెండ్‌కు 31 – 24 = 7, దాన్ని 74.4తో భాగిస్తే 9.4 శాతం. మీకు వచ్చిన 36.6, 41.7 అన్న అంకెలు వేడిచేయడం పూర్తయ్యేనాటికి చేరిన స్థాయిని చెబుతాయి తప్ప వేడిచేయడం మొదలయ్యేనాటి స్థితిని చెప్పవు.

ఇప్పుడు 9.4 శాతం కూడా నమ్మదగినదేనా అన్నది చూడాలి. పీఎల్ఏ, పీబీఏటీ జోడీలో అందరినీ ఇబ్బంది పెట్టే చోటు 90 నుంచి 130 డిగ్రీల మధ్య ఉంటుంది. పీఎల్ఏ తన కోల్డ్ క్రిస్టలైజేషన్‌తో అక్కడే ఉష్ణాన్ని వదులుతుంది, పీబీఏటీ తన వెడల్పాటి ద్రవీభవనంతో అక్కడే ఉష్ణాన్ని తీసుకుంటుంది. డీఎస్‌సీ ఈ రెండింటి నికర మొత్తాన్ని మాత్రమే చూపగలదు. పీబీఏటీ శిఖరం 120 దగ్గర ఉన్నా దాని ఎడమ అంచు చాలా కిందినుంచే మొదలవుతుంది, ఎందుకంటే అందులో చిన్నా పెద్దా స్ఫటికాలు రకరకాల మందాలతో ఉంటాయి. మీ కేవల పీబీఏటీ విలువ ప్రకారం 20 శాతానికి 13 × 0.2 = 2.6 జౌళ్లు. ఇదంతా మీ కోల్డ్ క్రిస్టలైజేషన్ వైశాల్యాన్ని కొరికేసిందనుకుంటే అసలు విలువ 24 కాదు, 26.6 అవుతుంది. అది గరిష్ఠ హద్దు, నిజం 24కూ 26.6కూ మధ్య ఎక్కడో ఉంటుంది. గరిష్ఠ హద్దును తీసుకుంటే స్ఫటికత 5.9 శాతానికి దిగుతుంది.

ఇంకొక విషయం. ప్రధాన ద్రవీభవనానికి కొంచెం ముందు, 150 నుంచి 160 డిగ్రీల మధ్య, మీ బ్లెండ్ వక్రరేఖ చిన్నగా పైకి లేచిందేమో దగ్గరగా పెంచి చూడండి. పీఎల్ఏ సుమారు 100 డిగ్రీలకు దిగువన స్ఫటికీకరిస్తే కొంత క్రమరాహిత్యం ఉన్న ఆల్ఫా ప్రైమ్ రూపం వస్తుంది, 120 డిగ్రీలకు పైన స్ఫటికీకరిస్తే క్రమబద్ధమైన ఆల్ఫా రూపం వస్తుంది, ఈ రెండింటి నడుమ మిశ్రమంగా వస్తుంది. మీ శిఖరం 112 నుంచి 101కి జరిగిందంటే ఆల్ఫా ప్రైమ్ వాటా పెరిగి ఉండడం సహజం. అది కరిగేముందు ఆల్ఫాగా మారుతూ కొద్దిపాటి ఉష్ణాన్ని వదులుతుంది. ఆ ఉష్ణం కూడా వేడిచేస్తున్నప్పుడు పుట్టినదే కనుక దాన్నీ తీసివేయాలి. అది గ్రాముకు 1.5 జౌళ్లు ఉందని అనుకుందాం. అప్పుడు 31 – 26.6 – 1.5 = 2.9, స్ఫటికత 3.9 శాతం. పీఎల్ఏ గుళికలకు వచ్చిన 3.2 శాతానికీ దీనికీ ఉన్న తేడా బేస్‌లైన్‌ను (శిఖర వైశాల్యం కొలవడానికి దాని కింద గీసే ఆధార రేఖను) ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ గీసినా వచ్చేంతది. దీనికి తోడు 93 అన్నది 1970ల నుంచి వాడుకలో ఉన్న ఆల్ఫా రూపపు విలువ. ఆల్ఫా ప్రైమ్ స్ఫటికాల ద్రవీభవన ఉష్ణం అంతకంటే తక్కువ కాబట్టి, రెండు రూపాలూ కలిసి ఉన్న నమూనాకు ఏ శాతం చెప్పినా కొంత అనిశ్చితి తప్పదు.

అందుచేత స్ఫటికత పెరిగిందని రాయవద్దని నా గట్టి సలహా. పీఎల్ఏ కోల్డ్ క్రిస్టలైజేషన్ తక్కువ ఉష్ణోగ్రతలోనే జరిగిందని రాయండి. అది స్ఫటికీకరణ వేగానికి సంబంధించిన మాట, స్ఫటికాలు మొత్తం ఎంత ఉన్నాయన్నదానికి సంబంధించిన మాట కాదు. ఈ తేడాను పట్టించుకోని పట్టికలు అచ్చులో చాలా కనిపిస్తున్నందువల్లనే దీన్ని ఇంత సాగదీసి చెబుతున్నాను.

ఒకదానిలో ఒకటి కరగడం గురించి మీ ఫలితమే సమాధానం చెబుతోంది. పీఎల్ఏ గ్లాస్ ట్రాన్సిషన్ 60, పీబీఏటీది మైనస్ 30 అనుకుని, మిశ్రమపు గ్లాస్ ట్రాన్సిషన్‌ను అంచనా వేసే ఫాక్స్ సమీకరణంలో 80, 20 పాళ్లకు లెక్కవేస్తే, రెండూ పూర్తిగా కలిసిన పక్షంలో ఒకే గ్లాస్ ట్రాన్సిషన్ 37 డిగ్రీల చుట్టుపక్కల రావాలి. మీకు 59.5 వచ్చింది, అంటే కదలనే లేదు. పీబీఏటీ చిన్న బిందువులుగా పీఎల్ఏలో చెదిరి ఉందని అర్థం. మైనస్ 30 దగ్గరి మెట్టు 20 శాతం పీబీఏటీకి డీఎస్‌సీలో స్పష్టంగా కనబడకపోవచ్చు. వీలుంటే డీఎంఏ (వేడిచేస్తూ పదార్థం గట్టిదనం ఎలా మారుతుందో కొలిచే పరీక్ష) చేయించండి, అందులో రెండు గ్లాస్ ట్రాన్సిషన్లను చూపే టాన్ డెల్టా శిఖరాలు రెండూ విడివిడిగా తెలుస్తాయి.

చివరిగా, మీరు రెండోసారి వేడిచేసిన విలువలే ఇచ్చారు. మొదటి వేడి ఆ వస్తువు గతాన్ని చెబుతుంది, అంటే ఏ వేగంతో చల్లారింది, ఎన్నాళ్లు నిల్వ ఉంది అన్నది. రెండో వేడి ఆ గతాన్ని తుడిచేసి పదార్థ స్వభావాన్ని చెబుతుంది. పదార్థాలను పోల్చడానికి రెండోది సరిపోతుంది. కప్పు గురించి మాట్లాడాలంటే కప్పు గోడలోంచి కోసిన ముక్కకు మొదటి వేడి చూడాలి. నిల్వ ఉన్న ముక్కలో గ్లాస్ ట్రాన్సిషన్ దగ్గర ఒక చిన్న ఉష్ణగ్రాహక శిఖరం కనబడితే దాన్ని ద్రవీభవనంగా పొరబడకండి. అది గాజు స్థితిలో పదార్థం నెమ్మదిగా సర్దుకోవడం వల్ల వచ్చేది. మన ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటిన గోదాములో ఉంచిన పీఎల్ఏకు ఈ సర్దుబాటు ఇంకా త్వరగా జరుగుతుంది.


సమాధానం 2 – కాంపౌండింగ్ విభాగం

పైన చెప్పిన లెక్కతో ఏకీభవిస్తూ, దానికంటే ముందే అడగవలసిన ప్రశ్న ఒకటి అడుగుతాను. మీరు పోలికకు పెట్టుకున్న పీఎల్ఏ సంచిలోంచి తీసిన గుళికలా, లేక బ్లెండ్‌లాగే అదే స్క్రూ వేగంతో, అదే ఉష్ణోగ్రతలో ఎక్స్‌ట్రూడర్ గుండా వెళ్లిన పీఎల్ఏనా? మీ రాతను బట్టి సంచిలోని గుళికలేనని అనిపిస్తోంది. అలా అయితే మీ 11 డిగ్రీల తేడాలో పీబీఏటీ వాటా ఎంత, ఎక్స్‌ట్రూడర్ వాటా ఎంత అన్నది విడదీయడానికి వీల్లేదు.

కారణం ఏమిటంటే, పీఎల్ఏ ఒక పాలిఎస్టర్. కరిగిన స్థితిలో కొద్దిపాటి తేమ తగిలినా ఎస్టర్ బంధాలు తెగి గొలుసులు పొట్టివవుతాయి. పొట్టి గొలుసులు చురుగ్గా కదిలి త్వరగా స్ఫటికంలో సర్దుకుంటాయి. కాబట్టి ఏమీ కలపకుండా పీఎల్ఏను ఒకసారి ఎక్స్‌ట్రూడ్ చేస్తేనే కోల్డ్ క్రిస్టలైజేషన్ కొన్ని డిగ్రీలు కిందికి దిగుతుంది. తగినంత ఆరబెట్టకపోతే మరింత దిగుతుంది. ఆ దిగుడునంతా పీబీఏటీ ఖాతాలో వేసేస్తే మీ నిర్ణయానికి పునాది ఉండదు.

పీఎల్ఏ తేమ 250 పీపీఎం లోపు, అంటే 0.025 శాతం లోపు ఉండాలని సాధారణంగా చెబుతారు. తెల్లగా కనిపించే స్ఫటిక గుళికలను 80 డిగ్రీల దగ్గర పొడిగాలి డ్రైయర్‌లో నాలుగు గంటలు ఆరబెడితే ఆ స్థాయి వస్తుంది. పారదర్శకంగా ఉన్న, స్ఫటికీకరించని ముక్కలను మాత్రం ఆ వేడికి పెట్టకూడదు. అరవై డిగ్రీలు దాటగానే అవి ఒకదానికొకటి అంటుకుని హాపర్‌లో ముద్దకడతాయి. వాటిని 45 డిగ్రీల దగ్గర వాక్యూమ్ ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంచాలి. మామూలు గాలి ఓవెన్‌లో ఆరబెట్టడం కోస్తా జిల్లాల వానాకాలంలో దాదాపు వృథా, ఎందుకంటే లోపలికి వెళ్లే గాలే తేమతో ఉంటుంది. ఆరబెట్టిన గుళికలను తెరిచిన ట్రేలో ఉంచి భోజనానికి వెళ్లివస్తే చాలు, మళ్లీ తేమ పట్టడం మొదలవుతుంది. డ్రైయర్ నుంచి నేరుగా హాపర్‌కు వెళ్లే ఏర్పాటు లేకపోతే కనీసం అల్యూమినియం రేకు సంచిలో మూసి ఉంచండి.

గొలుసులు ఎంత తెగాయో చూడడానికి వాటి పొడవును అంచనా వేసే జీపీసీ పరీక్ష ఉత్తమం. అది అందుబాటులో లేకపోతే మెల్ట్ ఫ్లో రేట్ (కరిగిన పాలిమర్ ఎంత త్వరగా కారుతుందన్నది) చూడండి. 210 డిగ్రీల దగ్గర 2.16 కిలోల బరువుతో గుళికలకూ, ఎక్స్‌ట్రూడ్ చేసిన పీఎల్ఏకూ కొలిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. బ్లెండ్ విలువను మాత్రం నేరుగా వీటితో పోల్చకండి, పీబీఏటీ స్నిగ్ధత వేరు.

మరో రెండు విషయాలు గమనించండి. మార్కెట్లో దొరికే ఫిల్మ్ గ్రేడ్ పీబీఏటీ కాంపౌండ్లలో కొన్నిటికి సుద్దపొడి గాని టాల్క్ గాని ముందే కలిపి ఉంటుంది. టాల్క్ పీఎల్ఏకు మంచి కేంద్రకకారకం, అంటే స్ఫటికాలు మొలకెత్తడానికి తోడ్పడే పదార్థం. మీ పీబీఏటీని కొంచెం టీజీఏలో (వేడికి బరువు ఎంత తగ్గుతుందో కొలిచే యంత్రంలో) 600 డిగ్రీల వరకు కాల్చి అవశేషం ఎంత మిగిలిందో చూడండి. శుద్ధమైన పాలిమరైతే నైట్రోజన్‌లో నామమాత్రంగానే మిగులుతుంది. ఖనిజం మిగిలితే మీకు కనబడిన ప్రభావం పీబీఏటీది కాక ఆ ఖనిజానిది కావచ్చు. రెండోది, జాంక్రిల్ లాంటి ఎపాక్సీ చెయిన్ ఎక్స్‌టెండర్ వాడారా అన్నది మీరు చెప్పలేదు. అది తెగిన గొలుసులను మళ్లీ అతుకుతుంది, పీఎల్ఏకూ పీబీఏటీకీ మధ్య సరిహద్దులో వాటిని కలిపి బిందువులను చిన్నవి చేస్తుంది, దానివల్ల దెబ్బను తట్టుకునే గుణం బాగా మెరుగవుతుంది. కాని కొమ్మలు వేసిన గొలుసులు స్ఫటికంలో సర్దుకోవడం కష్టం గనుక స్ఫటికీకరణపై దాని ప్రభావం మోతాదును బట్టి అటో ఇటో మొగ్గుతుంది. అది లేని నమూనా, అది ఉన్న నమూనా రెండూ ఉండాలి.


సమాధానం 3 – బయోపాలిమర్ పరిశోధకుడు

పై ఇద్దరూ చెప్పవలసినది చాలావరకు చెప్పారు. పీబీఏటీకి బదులు వేరే పాలిమర్ తీసుకుంటే ఈ శిఖరాల అతివ్యాప్తి బాధ తప్పుతుందేమోనని మీకు తోచవచ్చు కాబట్టి కొద్దిగా చేరుస్తాను.

పీబీఎస్ (పాలీబ్యూటిలీన్ సక్సినేట్)తో తప్పదు. అది 114 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతేకాక కరిగేముందు దాని పలుచని స్ఫటికాలు కరిగి, మందంగా తిరిగి స్ఫటికీకరిస్తూ 100 డిగ్రీల చుట్టుపక్కల తనంతట తాను చిన్న ఉష్ణమోచక శిఖరాన్ని ఇస్తుంది. పీఎల్ఏతో కలిపినప్పుడు దాన్నే పీఎల్ఏ కోల్డ్ క్రిస్టలైజేషన్‌గా చదివే ప్రమాదం ఉంది. పీసీఎల్ (పాలీకాప్రోలాక్టోన్)తో ఇబ్బంది వేరే చోటికి మారుతుంది. దాని ద్రవీభవనం 60 డిగ్రీలు, సరిగ్గా పీఎల్ఏ గ్లాస్ ట్రాన్సిషన్ మీద పడుతుంది. అక్కడ మాడ్యులేటెడ్ డీఎస్‌సీ (ఉష్ణోగ్రతను అలలుగా మారుస్తూ కొలిచే డీఎస్‌సీ) గాని డీఎంఏ గాని లేకుండా పీఎల్ఏ గ్లాస్ ట్రాన్సిషన్ కదిలిందో లేదో ధైర్యంగా చెప్పలేము. పీహెచ్‌బీ (పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్) మరీ కష్టం. అది 175 డిగ్రీల పైన కరుగుతుంది, పీఎల్ఏ ద్రవీభవనంతో కలిసిపోతుంది, కరిగిన కొద్దిసేపటికే విచ్ఛిన్నం కావడం మొదలుపెడుతుంది. పాన్‌ను 200 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు ఉంచే మీ పద్ధతి పీహెచ్‌బీ ఉన్న నమూనాకు పనికిరాదు. రెండో వేడి నాటికి మీరు పరీక్షించేది కొంత విరిగిపోయిన పాలిమర్‌ను.

మీ జోడీకి నేను సూచించేది సమోష్ణ పరీక్ష, అంటే ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఆపి చేసేది. 200 డిగ్రీల దగ్గర కరిగించి, యంత్రం అనుమతించినంత వేగంగా 110 డిగ్రీలకు దించి అక్కడే ఆపండి. కరిగిన పీబీఏటీ ఆ ఉష్ణోగ్రతలో స్ఫటికీకరించదు, చల్లారేటప్పుడు అది ఇంకా చాలా కిందికి దిగాక గాని మొదలుపెట్టదు. కాబట్టి 110 దగ్గర వచ్చే ఉష్ణమంతా పీఎల్ఏదే, బేస్‌లైన్ తగవు ఉండదు. సగం స్ఫటికీకరణకు పట్టిన కాలాన్ని గుళికలకు, ఎక్స్‌ట్రూడ్ చేసిన పీఎల్ఏకు, బ్లెండ్‌కు విడివిడిగా కొలవండి. స్ఫటికీకరణ కాలంతో ఎలా సాగుతుందో లెక్కకట్టే అవ్రామి విశ్లేషణ చేస్తే మార్పిడి 3 నుంచి 20 శాతం మధ్య భాగానికే సరళరేఖను అమర్చండి. చివరివరకూ లాగితే స్ఫటికాలు ఒకదానినొకటి తాకిన తరువాతి నిదానపు దశ కూడా కలిసి ఘాతాంకం అర్థం లేనిదవుతుంది.

హాట్ స్టేజ్ ఉన్న పోలరైజింగ్ సూక్ష్మదర్శిని మీ కళాశాలలో ఉంటే దాన్ని వదులుకోకండి. 125 డిగ్రీల దగ్గర గోళాకార స్ఫటికాల వ్యాసార్ధం నిమిషానికి ఎంత పెరుగుతోందో, ఒక దృష్టిక్షేత్రంలో ఎన్ని మొలకెత్తాయో రెండూ చూడండి. సంఖ్య పెరిగి, పెరుగుదల వేగం మారకపోతే పీబీఏటీ సరిహద్దులు కేంద్రకాలుగా పనిచేస్తున్నాయని అర్థం. పెరుగుదల వేగమే పెరిగితే గొలుసులు పొట్టివయ్యాయని గాని, ఏదో ప్లాస్టిసైజర్ (పాలిమర్‌ను మెత్తబరిచే పదార్థం) కలిసిందని గాని అనుమానించాలి. డీఎస్‌సీ ఒక్కటే ఈ రెండు కారణాలను విడదీయలేదు.


పాలిమర్ విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. కాంపౌండింగ్ విభాగం వారు ఊహించినట్టే, నేను పోల్చినది సంచిలోని గుళికలతోనే. చెయిన్ ఎక్స్‌టెండర్ వాడలేదు. పీబీఏటీ టీజీఏలో అవశేషం దాదాపు ఏమీ మిగల్లేదు, అంటే ఖనిజం లేదు. బాగా ఆరబెట్టిన పీఎల్ఏను అదే పరిస్థితుల్లో ఒంటరిగా ఎక్స్‌ట్రూడ్ చేసి పరీక్షలు మళ్లీ చేశాను.

మెల్ట్ ఫ్లో రేట్ పది నిమిషాలకు 6 గ్రాముల నుంచి 11 గ్రాములకు పెరిగింది. కోల్డ్ క్రిస్టలైజేషన్ గుళికలకు 112, ఎక్స్‌ట్రూడ్ చేసిన పీఎల్ఏకు 106, బ్లెండ్‌కు 101. సమోష్ణ పరీక్షలో 110 డిగ్రీల దగ్గర సగం కాలం గుళికలకు 8.5 నిమిషాలు, ఎక్స్‌ట్రూడ్ చేసిన పీఎల్ఏకు 5.6, బ్లెండ్‌కు 4.1. సూక్ష్మదర్శినిలో ఎక్స్‌ట్రూడ్ చేసిన పీఎల్ఏకూ బ్లెండ్‌కూ పెరుగుదల వేగం కొలత పరిమితుల్లో ఒకటిగానే ఉంది. బ్లెండ్‌లో మాత్రం స్ఫటికాలు స్పష్టంగా ఎక్కువ సంఖ్యలో, చిన్నవిగా ఉన్నాయి. చాలావాటి కేంద్రం పీబీఏటీ బిందువు అంచునే ఆనుకుని కనబడింది. 155 డిగ్రీల దగ్గర చిన్న ఉష్ణమోచక శిఖరం కూడా నిజంగానే ఉంది.

నా మూడో ప్రశ్న అలాగే మిగిలింది. కప్పు అచ్చును ప్రస్తుతం 30 డిగ్రీల నీటితో చల్లారుస్తున్నాము. దానికి ఈ స్ఫటికీకరణ వేగం సరిపోతుందా?


సమాధానం 4 – ఉష్ణ విశ్లేషణ ప్రయోగశాల

చాలా చక్కగా చేశారు. 11 డిగ్రీల తేడాలో 6 ఎక్స్‌ట్రూడర్‌వి, 5 పీబీఏటీవి అని ఇప్పుడు ఆధారంతో చెప్పగలరు. పెరుగుదల వేగం మారలేదు, సంఖ్య పెరిగింది కనుక పీబీఏటీ చేసిన పని కేంద్రకాలను అందించడం. పీఎల్ఏ, పీబీఏటీ కలవని జోడీ కాబట్టే ఆ సరిహద్దులు ఏర్పడ్డాయి. అంటే మీ మొదటి పోస్టులో కలిసిపోవడానికి గుర్తుగా అనుకున్నది నిజానికి కలవకపోవడం వల్ల వచ్చిన ఫలితం. థీసిస్‌లో ఈ ఒక్క వాక్యానికి సూక్ష్మదర్శిని చిత్రాన్ని జతచేస్తే పరీక్షకులకు ఇంకేమీ అడగవలసిన అవసరం రాదు.

కప్పు విషయానికి వస్తే, 4.1 నిమిషాలన్నది పీఎల్ఏకు ఎంతో అనుకూలమైన ఉష్ణోగ్రతల్లో ఒకటైన 110 దగ్గర, అదీ సగం స్ఫటికీకరణకే పట్టిన కాలం. మీ అచ్చు 30 డిగ్రీల దగ్గర ఉంది. కరిగిన పదార్థం ఆ 100 నుంచి 130 డిగ్రీల మేలైన మండలాన్ని సెకన్లలో దాటేసి 60 కిందికి దిగి గాజుగా గడ్డకడుతుంది. అలాంటి కప్పు దాదాపు పూర్తిగా స్ఫటికరహితం. అందులో 80 డిగ్రీల టీ పోస్తే గోడ గ్లాస్ ట్రాన్సిషన్ దాటి రబ్బరులా మారి కుంగిపోతుంది. డీఎంఏలో దీన్ని కళ్లారా చూడవచ్చు. గది ఉష్ణోగ్రతలో సుమారు 3 గిగాపాస్కల్స్ ఉన్న స్టోరేజ్ మాడ్యులస్ (గట్టిదనపు కొలత) 60 నుంచి 70 డిగ్రీల మధ్య కొన్ని మెగాపాస్కల్స్‌కు పడిపోయి, 90 దాటాక కోల్డ్ క్రిస్టలైజేషన్ వల్ల మళ్లీ కొంత లేస్తుంది. కప్పుకు ఆ రెండో లేవడం ఉపయోగపడదు, అప్పటికే ఆకారం పోయి ఉంటుంది. పీబీఏటీ ఇక్కడ సాయం చేయలేదు. దాని స్ఫటికాలు 120 వరకు కరగకపోయినా ఆ పాలిమరే మెత్తనిది, పైగా 20 శాతమే, బిందువులుగా ఉంది. బరువు మోయవలసింది పీఎల్ఏ, దానిలోని స్ఫటికాలు మాత్రమే. పీబీఏటీని దెబ్బకు పగలకుండా ఉండడానికి ఉంచుకోండి, వేడిని తట్టుకోవడానికి వేరే ఏర్పాటు చేయండి.

ఆ ఏర్పాటులో రెండు భాగాలుంటాయి. మొదటిది కేంద్రకకారకం. 1 శాతం సన్నని టాల్క్‌తో మొదలుపెట్టండి, చవక, మన దగ్గర సులభంగా దొరుకుతుంది. తరువాత కావాలంటే కొన్ని శాతం పీడీఎల్ఏ (పీఎల్ఏకు అద్దంలో ప్రతిబింబం లాంటి రూపం) ప్రయత్నించవచ్చు. అది పీఎల్ఏతో కలిసి 220 డిగ్రీల పైన కరిగే స్టీరియోకాంప్లెక్స్ స్ఫటికాలనిస్తుంది. 1987లో జపాన్ పరిశోధకులు వెల్లడించిన విషయమిది. కరిగించే ఉష్ణోగ్రతను దానికి దిగువనే ఉంచితే ఆ స్ఫటికాలు చెక్కుచెదరక కేంద్రకాలుగా మిగులుతాయి. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. రెండోది అచ్చు ఉష్ణోగ్రత. దాన్ని నూనెతో 100 డిగ్రీల చుట్టుపక్కలకు పెంచాలి. కేంద్రకకారకం లేకుండా వేడి అచ్చు వాడితే చక్రం నిమిషాల కొద్దీ సాగుతుంది, కప్పు మెత్తగా ఉండి, దాన్ని అచ్చులోంచి బయటికి నెట్టే ఎజెక్టర్ పిన్నులు గోడలోకి దిగుతాయి. వేడి అచ్చు లేకుండా కేంద్రకకారకం వేసినా ప్రయోజనం స్వల్పమే. రెండూ కలిసి 110 దగ్గర సగం కాలాన్ని నిమిషం లోపుకు తెస్తే అది ఉత్పత్తికి పనికివచ్చే వేగం. చల్లని అచ్చులో పోసిన కప్పును తరువాత ఓవెన్‌లో పెట్టి స్ఫటికీకరించే మార్గం ఉంది గాని, సంకోచం వల్ల మూత సరిపోనంతగా వంకర పోతుంది. పలుచని గోడలకు నేను దాన్ని సిఫారసు చేయను.

కంపోస్టు విషయాన్ని కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. పారిశ్రామిక కంపోస్టు పరీక్ష 58 డిగ్రీల దగ్గర జరుగుతుంది. నీరు ముందు స్ఫటికరహిత భాగాల్లోకి వెళ్లి గొలుసులను తెంచుతుంది, స్ఫటిక భాగాలు ఆలస్యంగా లొంగుతాయి. కంపోస్టు కాగల ప్లాస్టిక్‌ల ప్రమాణమైన ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రకారం 180 రోజుల్లోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి, 84 రోజుల్లో ముక్కలై 2 మిల్లీమీటర్ల జల్లెడపై పది శాతానికి మించి మిగలకూడదు. పలుచని ఫిల్మ్‌తో వచ్చిన ఫలితాన్ని స్ఫటికీకరించిన మందపాటి కప్పు గోడకు ఆపాదించలేము. కాబట్టి ఆ పరీక్షకు కూడా చివరి కప్పునే పంపండి.

టాల్క్ నమూనా తయారయ్యాక కప్పు అడుగు నుంచి, గోడ మధ్య నుంచి, పదార్థం లోపలికి ప్రవేశించిన గేటు దగ్గర నుంచి వేర్వేరుగా ముక్కలు కోసి మొదటి వేడి మాత్రమే తీయండి. అచ్చును తాకిన పైపొర త్వరగా చల్లారుతుంది, లోపలి భాగం నిదానంగా చల్లారుతుంది, గేటు దగ్గర ప్రవాహం వల్ల గొలుసులు ఒకే దిశలో సాగి ఉంటాయి. ఒకే కప్పులో మూడు చోట్ల మూడు స్ఫటికతలు రావచ్చు, టీకి ముందుగా లొంగేది వాటిలో తక్కువ ఉన్న చోటే. 101 డిగ్రీల దగ్గరి శిఖరం ఆ చోట పూర్తిగా మాయమైతే అక్కడ స్ఫటికీకరణ అచ్చులోనే ముగిసిందని తెలుస్తుంది. ఆ వక్రరేఖలను బేస్‌లైన్ గీతలతో సహా ఇక్కడ పెట్టండి, పీబీఏటీ ద్రవీభవనాన్ని ఎక్కడ విడదీయాలో కలిసి చూద్దాం.